మరపడవల పందెములు - జీర్ణోద్ధరణము



ఈ దినమున నేను ముచ్చటింపదలచిన విషయము మనలో పెక్కుమందికి క్రొత్తది. పైరుపంటలను గూర్చియు, పురాణధర్మములను గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు ఈ స్థానమునుండి మీరు పలుమారు విన్నారు. నేను నేడు చెప్పబోవునది సముద్రముమీద ఇంజను బలముతో పరుగిడు మరపడవల పందెములను గూర్చి. ఆ పందెములు పుట్టినది పరదేశమున. అవి యొకప్పుడు మిక్కిలి ప్రఖ్యాతి వహించినవి. పిమ్మట పందెముల రూపు మారెను. నాటి పడవలు మూలబడెను. ఇప్పుడు కొందరు వాటిని వెదకి తెచ్చి, బాగుచేసి, మరల నీట దింపుచున్నారు. "పరదేశపు ధనికుల వినోదముతో మనకేమి పని?" అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను శిథిలమైన వస్తువును నిలబెట్టుట ఎట్లు, ఎంతవరకు, ఎందుకొరకు అను విచారము దేవాలయములకును, చెరువులకును, పడవలకును ఒక్కటే. పండిత కుటుంబమున పుట్టి, బడిపంతులుగా బ్రదుకు గడపిన నాకు ఈ విషయమునందు ఆసక్తి కలుగుటకు కారణమిదియే. నేను ఆ సముద్రములను కన్నులార చూచినవాడను గాను. చదివి తెలిసికొన్నవానిని మీకు విన్నవించెదను.

ముందుగా ఒకటి రెండు మాటల యర్థము తెలిసికొందము. సముద్రముమీద దూరమును కొలచు మైలు మన బాటమీది మైలుకంటె పెద్దది. అది 1852 మీటర్లు. గంటకు అట్టి మైలొకటి నడచినచో దానిని ఒక 'నాట్' వేగమందురు. ఆంగ్లదేశమునకు దక్షిణపుటొడ్డున వైట్ అను చిన్న ద్వీపమున్నది. దాని యుత్తరపు కొసను కౌస్ అను రేవుపట్టణము కలదు. అచ్చటినుండి పడమరగా సముద్రమున పోయినచో టార్కీ అను మరియొక రేవు వచ్చును. ఈ రెండు పేర్లను జ్ఞాపకముంచుకొనుడు.

మరపడవల పందెములకు తొలి ప్రసిద్ధి 1903వ సంవత్సరమున వచ్చినది. ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అను పత్రికాధిపతి దేశదేశముల పడవలకు పోటీగా ఒక బహుమానము నేర్పరచెను. తొలి పందెము ఐర్లండు దేశపు కార్క్ రేవున జరిగినది. నేపియర్ అను ఉక్కు పడవ గంటకు 20 మైళ్ళకు కొంచెము తక్కువ వేగముతో గెలిచెను. నేడు మన యూరి కుఱ్ఱవాడు మోటారు సైకిలుమీద అంతకంటె రెట్టింపు వేగముతో పోవును. ఆనాటికి అది యద్భుతము.

1908లో లండను నగరమువారు ఒలింపిక్ క్రీడలు నడపిరి. ఆ యొక్క మారు మాత్రమే మరపడవల పందెము ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఆగస్టు 28, 29 తేదీలలో సౌతాంప్టన్ సమీపపు జలములలో 40 సముద్రపు మైళ్ళ పందెములు మూడు పెట్టిరి. గాలివాన ముంచుకొని వచ్చెను. మూడు పందెములలోను ఒక్కొక్క పడవ మాత్రమే తుదివరకు నిలిచెను. రెండు పందెములు గెలిచిన జైరైనస్ అను పడవలో ముగ్గురు మనుష్యులుండిరి. అందొకనికి పడవలోనికి వచ్చిపడు నీటిని తోడిపోయుటయే ముఖ్యమైన పని యయ్యెను. నీరు తోడి బంగారు పతకము సంపాదించినవాడు లోకమున మరియొకడు ఉన్నాడో లేడో! ఈ కథలో నవ్వుకు మించిన సారము కలదు. ఇంజను బలము పెరిగినది గాని పడవ యడుగు ఇంకను సముద్రమునకు తగినదిగా రూపొందలేదు. నిలుకడగల నీటిమీద వేగము వేరు, అలలమీద వేగము వేరు.

ఈ కష్టము ఏబదియేండ్లు తీరలేదు. అందులకు హేతువు చెప్పెదను. చెరువుగట్టున పిల్లలు పలుచని పెంకును ఏటవాలుగా విసరుదురు. అది నీట మునుగక గంతులు వేయుచు పోవును. వేగముగా పోవు మరపడవయు అట్టిదే. కొంత వేగము దాటిన వెనుక అది నీటిని చీల్చుట మాని, నీటిమీదికి లేచి జారును. అట్లు జారవలెనన్నచో అడుగు చదునుగా నుండుట మేలు. కాని అలలు లేచినప్పుడు చదునైన యడుగు నీటిని అఱచేతితో చఱచినట్లు చఱచును. పలకలు పగులును, లోనివారి వెన్నుపూసలు కదలిపోవును. కావున నాటి పడవలు అలలు రాగానే వేగము తగ్గింపక తప్పెడిది కాదు.

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికాదేశపు రేమండ్ హంట్ అను పడవల రూపశిల్పి. ఆతడు పడవ యడుగును ముందునుండి వెనుక కొసవరకు నాగటికఱ్ఱువలె లోతైన కోణముగా మలచెను. రెండు ప్రక్కల యడుగు నేలమట్టమునుండి సుమారు 24 అంశల వాలుతో పైకి లేచును. అడుగున నిలువునా సన్నని పట్టీలు బిగించిరి. అవి నీటిని క్రిందికి నెట్టి పడవను పైకెత్తును. కోణము అలను కోయును, పట్టీలు పడవను మోయును. అమెరికాలోని మయామినుండి బహామా ద్వీపములలోని నాసోవరకు 1956 మొదలు ఒక సముద్రపు పందెము జరుగుచుండెను. 1960లో రిచర్డ్ బెర్‌ట్రామ్ అనునతడు హంట్ రూపించిన 30 అడుగుల కొయ్య పడవను ఆ పందెమునకు తెచ్చెను. దాని పేరు మోపీ. అది యాతని భార్య ముద్దుపేరు. ఆ దినమున సముద్రము మిక్కిలి అల్లకల్లోలముగా నుండెను. మోపీ సుమారు 8 గంటలలో నాసో చేరెను. ఆ కొయ్య పడవనే అచ్చుగా పెట్టుకొని, గాజునారను జిగురుతో కలిపి పోసిన పడవలను, అనగా ఫైబర్ గ్లాసు పడవలను బెర్‌ట్రామ్ అమ్మకమునకు చేయించెను. నేడు లోకమంతటను రక్షకభటుల పడవలకును, ఆపదలో ఆదుకొను పడవలకును ఈ లోతైన కోణపు టడుగే తరచుగా కనిపించును. పందెము వినోదమైనను దాని ఫలము ప్రాణరక్షణకు వచ్చినది.

మయామి పందెమును గూర్చి తెలిసికొని, అట్టిది ఆంగ్లదేశమునను ఉండవలెనని తలంచినవాడు సర్ మాక్స్ ఐట్కెన్. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున విమానము నడపిన యోధుడు; డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రికను నడపిన కుటుంబమునకు చెందినవాడు. 1961 ఆగస్టులో కౌస్ నుండి టార్కీకి తొలి పందెము సాగెను. వేగముగా పోవుటయే గాక, సముద్రమునకు తట్టుకొని నిలుచు మంచి పడవలు పుట్టవలెనని ఆయన యుద్దేశము. గుఱ్ఱపు పందెములచేత గుఱ్ఱపు జాతి బాగుపడినట్లు, ఈ పందెములచేత పడవల జాతి బాగుపడవలెనని కోరెను.

తొలి పందెమును గెలిచినది థండర్‌బోల్ట్ అను పడవ. నడపినవాడు టామీ సాప్‌విత్. ఈతని తండ్రి సర్ థామస్ సాప్‌విత్ మొదటి ప్రపంచయుద్ధమున పేరుగాంచిన విమానములను నిర్మించినవాడు. ఆ తండ్రియే 1912లోను, 1913లోను మేపుల్ లీఫ్ అను పడవపై హార్మ్స్‌వర్త్ బహుమానమును గెలిచెను. తండ్రి గెలుపునకును కుమారుని గెలుపునకును నడుమ దాదాపు ఏబదియేండ్లు. కుమారుడు 1968లోను, 1970లోను మరల గెలిచెను. వంశానుగతమైన విద్య మన యందే కలదని మనము అనుకొందుము. అది అన్ని దేశములందును కలదు.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. 1963లో ఆ పందెమును గెలిచిన అస్పెరాంజియెల్లా అను పడవను రూపించినవాడు రెనాటో లేవీ. ఆతనిని 'సన్నీ' లేవీ యందురు. ఆతడు 1926లో, నాటి అవిభక్త భారతదేశపు కరాచీలో జన్మించెను. బొంబాయిలో తన తండ్రి నడపిన పడవల కర్మాగారమున పనిచేసి రూపశిల్పి యయ్యెను. పిమ్మట ఇటలీకి పోయి అచ్చట ప్రఖ్యాతి పొందెను. 1967లో గెలిచిన సర్‌ఫ్యూరీ అను పడవయు ఆతని సృష్టియే. దాని ముందుభాగము బాణపు ములుకువలె సన్నగా సాగును. రెండు ఇంజనులు ఒకదాని వెనుక నొకటి నిలిచి, రెండును కలిసి ఒక్క ప్రొపెల్లరును త్రిప్పును. ఆ పడవను చూచినవారు కొయ్యతో ఇంతటి రూపము సాధ్యమా యని విస్తుపోయిరి.

ఇక నాటి పందెములేల మూలబడెనో విచారింతము. ఇంజనుల బలము ఏటేట పెరిగెను. రెండు సన్నని పడవలను పైన వంతెనతో కలిపిన జంటపడవలు వచ్చెను. అవి నీటిమీద కంటె గాలిలో నెక్కువసేపు ఉండును. కొయ్య పోయి గాజునారయు, పిమ్మట బొగ్గునారయు వచ్చెను. ఖర్చు ఆకాశమునంటెను. సామాన్యమైన స్థితిగల పోటీదారు తప్పుకొనెను. అపాయమును పెరిగెను. 1987 ఆగస్టులో వైట్ ద్వీపపు సమీపమున జరిగిన పందెములో, ఒకప్పుడు మోటారు పందెముల వీరుడైన డిడియే పిరోని, తన యిద్దరు సహచరులతో గూడ మరణించెను. చమురు నౌక యొకటి పోవుటచేత లేచిన అలను వారి పడవ వేగముగా తాకి తిరుగబడెను. 1990 అక్టోబరులో మొనాకో తీరమున స్టెఫానో కాసిరాగి యట్లే మరణించెను. అటుపిమ్మట నియమములు కఠినమయ్యెను. పైన మూతగల గదులు, మనిషిని గట్టిగ పట్టియుంచు పట్టీలు వాడుకలోనికి వచ్చెను. పాత పడవలకు ఆ పందెములలో తావు లేకపోయెను.

తావు లేని పడవ యేమగును? కొన్ని అమ్ముడుపోయి విహారపు పడవలయ్యెను. కొన్ని తోటలలోను, పాకలలోను పడియుండెను. ఉప్పునీరు కొయ్యను చెఱచునని మనము తలంచుదుము. వాననీరు అంతకంటె హాని చేయును. ఉప్పు కొంతవరకు కొయ్యను కాపాడును. మంచినీరు నిలిచినచోట బూజు పట్టి కొయ్య మెత్తబడును. పాత జిగురు కొన్నిటియందు పొరలు విడిపోవును. ఇత్తడి మరమేకులు పైకి బాగుగనే యుండును. కాని వానిలోని తుత్తునాగమును ఉప్పునీరు తినివేయగా ఎఱ్ఱని బోలు రాగి మాత్రము మిగులును. త్రిప్పగనే తల ఊడిపోవును. అందుచేతనే తెలిసిన శిల్పి కంచు మరమేకులనే కోరును. గాజునార పడవకు చావు లేదని యొకప్పుడు తలంచిరి. దానికిని నీరు లోపలికి చొచ్చి బొబ్బలు లేచును. జన్మించిన వస్తువులన్నిటికిని జరయుండును గదా!

జీర్ణమైన పడవను బాగుచేయుటలో మొదటి పని పనిముట్టు పట్టుట కాదు, కలము పట్టుట. పడవను విప్పకముందే దాని కొలతలన్నియు వ్రాసికొనవలెను, చిత్రములు తీయవలెను, ఏ పలక ఏ చోటిదో గుర్తు పెట్టవలెను. లోపల మద్దతుకట్టెలు పెట్టి ఆకారము వంగిపోకుండ నిలుపవలెను. మన ఆలయములలో జీర్ణోద్ధరణ చేయునపుడు బాలాలయము నిర్మించి, మూర్తియందలి కళను అందు నిలిపి, పని ముగిసిన పిమ్మట మరల స్వస్థానమున ప్రతిష్ఠింతురు. ఆ పద్ధతిలో నొక వివేకము కలదు. పాతదానిని కదలించునపుడు దాని సారమేదో ముందుగా గుర్తించి భద్రపరుపవలెనని దాని భావమని నేను తలంతును. పడవకు కొలతలును, చిత్రములును బాలాలయము వంటివి.

పిమ్మట వచ్చును చిక్కు ప్రశ్న. పది పలకలలో మూడు మార్చినచో అది పాత పడవయే. ఎనిమిది మార్చినచో? ప్రాచీన గ్రీకులకు ఈ సంశయము కలిగినది. థీసియస్ అను వీరుని నావను ఏథెన్సు పౌరులు చిరకాలము రక్షించిరట. కుళ్ళిన పలకను తీసి క్రొత్త పలకను వేయుచు పోగా, అది పాత నావయే యని కొందరును, కాదని కొందరును వాదించిరని ప్లూటార్కు వ్రాసెను. ఆంగ్లదేశమున చారిత్రక నౌకల పట్టికను రక్షించు సంస్థ యొకటి కలదు. 50 ఏండ్లు దాటినవియు, 33 అడుగులకు మించినవియునైన నౌకలు ఆ పట్టికకు యోగ్యములు. ఈ పనిలో నున్నవారు నాలుగు మాటలకు భేదము పాటింతురు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట సంరక్షణము. చెడినదానిని పూర్వపు స్థితికి తెచ్చుట పునరుద్ధరణము. చాలభాగము క్రొత్తగా కట్టుట పునర్నిర్మాణము. పాతదానిని చూచి మొత్తము క్రొత్తగా చేయుట ప్రతికృతి. నాలుగును గౌరవనీయములే. ఒకదానిని మరియొకదాని పేరుతో చూపుట మాత్రము తగదు. ప్రతికృతిని మూలమని చెప్పి అమ్మువాడు, క్రొత్త తాటియాకుపై వ్రాసి ప్రాచీన గ్రంథమని చెప్పువాని వంటివాడు.

ఈ విషయమున నిదర్శనముగా బ్లూబర్డ్ అను పడవ కథను చెప్పెదను. అది సముద్రపు పందెపు పడవ కాదు. సరస్సులపై వేగపు రికార్డులకొరకు కట్టినది. డోనాల్డ్ క్యాంప్‌బెల్ అను సాహసి దానిపై 1955నుండి 1964వరకు ఏడుమారులు లోకపు రికార్డును సాధించెను. చివరిది ఆస్ట్రేలియాలో గంటకు 276 మైళ్ళు. 1967 జనవరి 4వ తేదీన ఆంగ్లదేశపు కోనిస్టన్ సరస్సుపై 300 మైళ్ళు దాటు యత్నములో పడవ గాలిలోనికి లేచి తిరుగబడెను, ఆతడు మరణించెను. 34 ఏండ్లు నీటి యడుగున నున్న ఆ పడవను 2001 మార్చిలో పైకి తీసిరి. అదే సంవత్సరమున ఆతని దేహమును వెలికి తీసి, కోనిస్టన్ గ్రామమున సమాధి చేసిరి. స్వచ్ఛందముగా వచ్చిన పనివారు ఏండ్లతరబడి కృషిచేసి ముక్కలను అతికిరి. 2018 ఆగస్టులో స్కాట్లండులోని లోక్ ఫాడ్ అను సరస్సుపై అది మరల పరుగిడెను. పిమ్మట ఆ పడవ ఎవరిదను వివాదము పుట్టెను. వస్తుప్రదర్శనశాల దానిని తమదనెను; బాగుచేసినవారు తమ శ్రమకు హక్కు కలదనిరి. తుదకు 2024 మార్చిలో పడవ కోనిస్టన్ చేరెను. ఇందు తప్పెవరిదని తీర్పు చెప్పుటకు నేనెవడను? కాని యొక నీతి తెల్లము. పనికి పూనుకొనకముందే ఎవరికి ఏ హక్కో వ్రాసికొనవలెను. మన గ్రామములలో గుడి బాగుచేసిన పిమ్మట తగవు పుట్టుట మీరెరుగనిదా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. పాత పడవలను బాగుచేయుట సరియే. పాత పందెమును బ్రదికింపవచ్చునా? ఒక పక్షమువారు, పరుగుపెట్టని పందెపు పడవ చచ్చినదానితో సమానమనియు, దానిని సముద్రమున నడిపినగాని దాని గుణము తెలియదనియు వాదింతురు. వేరొక పక్షమువారు, మిగిలినవే కొన్ని పడవలు, వానిని అలలకు అప్పగించి పగులగొట్టుట వివేకము కాదందురు. రెండు పక్షములందును సత్యమున్నది.

నాకు తోచినది చెప్పెదను. నాటి పడవలకు మూతగల గదులు లేవు. మనిషి గాలికి, అలకు ఎదురుగా నిలిచి నడపవలెను. వానికి నేటి రక్షణములన్నియు తగిలించినచో రూపము చెడును. తగిలింపక పూర్తి వేగమున పోటీపెట్టినచో ప్రాణము పోవును. కావున పందెపు లక్షణమునే మార్చుట మేలు. అమెరికాలో చిరకాలమునుండి యొక పద్ధతి కలదు. నావికుడు తాను ఏ గుర్తును ఏ సమయమునకు చేరునో ముందుగనే వ్రాసి యిచ్చును. పిమ్మట గడియారము చూడకుండ పడవ నడుపును. చెప్పిన సమయమునకు ఎవడు మిక్కిలి దగ్గరగా చేరునో వాడే గెలుచును. ఇందు ఇంజను బలముకంటె ప్రవాహమును, గాలిని, తన పడవను ఎరిగిన జ్ఞానము ముఖ్యము. వృద్ధులైన పడవలకును, వృద్ధులైన నావికులకును ఈ పోటీ తగియున్నది. దానితోపాటు, నాటి పడవలన్నియు వరుసగా పోవు ఊరేగింపు నొకటి ఏర్పరచినచో చూడవచ్చినవారికి కన్నుల పండువగును. అలలు హద్దు మీరిన దినమున నిర్దాక్షిణ్యముగా ఆపివేయవలెను.

అపాయము వేగమునందే యుండదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. బండిలో కారినచో క్రిందికి పోయి చెదరిపోవును. పడవలో కారినచో అడుగున చేరి నిలుచును. అప్పుడు చిన్న నిప్పురవ్వ చాలును. అందుచేత ఇంజను నడపకముందు విద్యుత్తు పంకాతో అడుగునందలి గాలిని బయటికి తోలివేయవలెను. ముక్కుతో వాసన చూడవలెను. నేటి పెట్రోలులో సారాయి పాలు కలుపుచున్నారు. ఆంగ్లదేశమున 2021నుండి సాధారణపు పెట్రోలులో నూటికి 10 పాళ్ళవరకు కలుపుచున్నారు. మన దేశమున అంతకు రెట్టింపు. ఆ సారాయి నీటిని పీల్చుకొనును, పాత రబ్బరు గొట్టములను తినివేయును. కావున పాత ఇంజనుకు గొట్టములు క్రొత్తవి వేయక తప్పదు. ఇట్టిచోట ప్రాచీనతను పట్టుకొని వ్రేలాడుట మూర్ఖత.

"ఇంత చమురు కాల్చి, ఇంత ధనము వెచ్చించి ఆడు ఆటకు అర్థమేమి?" అని ఆక్షేపించువారున్నారు. నేను ఆ యాక్షేపణను త్రోసివేయను. ధనికుడు తన వేడుకకు చేయునది లోకోపకారమని పొగడుట నాకు ఇష్టము లేదు. అయితే ఈ పనిలో ధనముకంటె విలువైనది యొకటి జారిపోవుచున్నది. 1961లో ఇరువదియేండ్ల వయసున పలకలను వంచిన వడ్రంగి నేడు ఎనుబది దాటిన వృద్ధుడు. పలుచని కొయ్యరేకులను ఏటవాలుగా ఒకదానిపై నొకటి అతికి పడవను మలచు నేర్పు, ఆ కాలపు ఇంజను శబ్దమును విని దోషము చెప్పు నేర్పు, ఇవి ఆయన చేతిలోను, చెవిలోను ఉన్నవి, గ్రంథములలో లేవు. పడవ యొకటి పాకలో ఇరువదియేండ్లు నిద్రించినను మరల లేపవచ్చును. ఆ వృద్ధుడు నిద్రించినచో లేపువారు లేరు. పడవను బాగుచేయుచోట ఆ వృద్ధుని ప్రక్కన ఒక యువకుడు నిలిచి పని నేర్చినచో, ఆ ధనము వ్యర్థము కాలేదని నేనొప్పుకొందును. పడవ మాత్రము మెఱసి, విద్య చచ్చినచో, అది బొమ్మకు చేసిన అలంకారము.

ఈ మాట మనకును వర్తించును. మనవారు సముద్రయానము ఎరుగనివారు కారు. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు అను సంస్కృత గ్రంథమున నావలకు తగిన కొయ్యల జాతులు, నావల కొలతలు, వాని భేదములు చెప్పబడినవి. సముద్రపు నావ పలకలను ఇనుముతో బిగింపరాదని అందు కలదు. నీటియందలి అయస్కాంతపు రాళ్ళు ఇనుమును లాగునని వారు కారణము చెప్పిరి. ఆ కారణము నిలువదు. కాని మేకు లేకుండ పలకలను కొబ్బరినారతో కుట్టి చేసిన మసూలా పడవలు మన తూర్పు తీరమున చిరకాలము అలలను దాటినవి. కుట్టిన పడవ అల తాకినపుడు పగులక వంగును. హంట్ కోణముతో సాధించినదానిని మన పల్లెకారులు కుట్టుతో సాధించిరి. ఇప్పుడు మన తీరమునను గాజునార పడవలును, వెనుక తగిలించు ఇంజనులును వచ్చినవి. వాని వలన జాలరికి శ్రమ తగ్గినది. అందుకు నేను సంతోషింతును. పాతదానిని వాడుడని నేను చెప్పుట లేదు.

నేను కోరునది స్వల్పము. సముద్రతీరపు గ్రామములలోను, గోదావరీ కృష్ణల యొడ్డులను నివసించు పెద్దలారా! మీ యూర పడవ కట్టిన వృద్ధ శిల్పి యెవరైన నున్నచో ఆయన యింటికి పొండు. చదువుకొన్న మనుమనిని వెంట గొనిపొండు. పడవ పొడవెంత, వెడల్పెంత, ఏ కొయ్య, ఏ ముడి, ఏ నార, ఏ మాసమున కొయ్య కొట్టుదురు అను సంగతులను ఆయనచేత చెప్పించి వ్రాయించుడు. ఒడ్డున పడియున్న పాత పడవను వంటచెరకు చేయకముందు కొలత తీయించుడు. ఇందులకు ధనికుడు అక్కరలేదు, పత్రిక అక్కరలేదు, ఒక దస్తరము, ఒక కొలబద్ద, కొంత ఓపిక చాలును. కౌస్ రేవున వారు వేలకొలది పౌనులు వెచ్చించి వెదకుకొనుచున్న దానిని మనము ఇప్పుడే కాగితముమీద నిలుపుకొనవచ్చును. నీటిలో మునిగిన పడవను 34 ఏండ్లకైన పైకి తీయగలిగిరి. మరపున మునిగిన విద్యను పైకి తీయు యంత్రము ఇంకను పుట్టలేదు.